జానకి ఎన్ని నానోమీటర్లు?

తలుపులమ్మ పట్టకారు విరిగింది. సాంబారు గిన్నె దింపబోతుండగా విరిగింది కాబట్టి, అరుణపురం ఉమ్మడి వంటశాలలో ఒక్క క్షణం అందరూ ఊపిరి బిగపట్టారు. గిన్నె మాత్రం నింపాదిగా ఒరిగి, నింపాదిగా మళ్ళీ కుదురుకుంది. అంగారకుడి మీద బరువులు భూమి మీది బరువుల్లో మూడోవంతుకు కాస్త పైన. అక్కడ గిన్నెలకు కూడా పడాలన్న తొందర ఉండదు.

"జానకీ! జానెడున్నర పట్టకారు కావాలే. మూతి సిటికిన వేలంత ఎడల్పు సాలు," అంది తలుపులమ్మ గోడవైపు తిరిగి.

గోడమీద శనగబద్దంత అద్దపు కన్ను ఒకటి మెరిసింది. "మీ జానా, మీ ఆయన జానా?"

"మా ఆయన ఏనాడు పట్టకారు పట్టాడే?"

"అయితే మీ జానే. పొడవు ఇరవై ఎనిమిది కోట్ల యాభై లక్షల నానోమీటర్లు. మూతి కోటీ ముప్పై లక్షలు. ఆరు నిమిషాలు ఆగండి."

"ఆరు నిమిషాలు సాంబారు ఆగుద్దేటి?" అంటూనే తలుపులమ్మ చీర చెంగుతో గిన్నె దింపేసింది. ఆరు నిమిషాల తర్వాత పట్టకారు వచ్చింది. చేతిలో పట్టుకుని రెండుసార్లు టకటకలాడించి, మాట్లాడకుండా నడుములో దోపుకుంది. అంటే బాగుందని అర్థం.

2096 నాటికి అరుణపురంలో దుకాణాలు లేవు. ఇంటికి ఏది కావలసినా అణుపొయ్యి చేసిపెట్టేది. దాని అసలు పేరు అటామిక్ డిపాజిషన్ ప్రింటర్. నల్లగా, నలుచదరంగా, తలుపు తెరిస్తే వెచ్చగా ఉంటుందని ఆడవాళ్ళు అణుపొయ్యి అన్నారు. తర్వాత శాస్త్రవేత్తలు కూడా తమ పత్రాల్లో అదే రాసుకున్నారు. ఎర్రమట్టినీ, విరిగిన పాత సామాన్లనూ పరమాణువులుగా విడగొట్టి, వాటిని మళ్ళీ ఒక్కొక్కటిగా పేర్చి కోరిన వస్తువు చేస్తుంది. పరమాణువులు పేర్చే యంత్రానికి అంగుళాలూ అడుగులూ ఎక్కడ ఆనుతాయి? దానికి తెలిసిన కొలత నానోమీటరు ఒక్కటే. మీటరును వంద కోట్ల భాగాలు చేస్తే అందులో ఒక భాగం. తలవెంట్రుక మందమే దాదాపు ఎనభై వేల నానోమీటర్లు. మనిషి గోరు సెకనుకు సుమారు ఒక నానోమీటరు పెరుగుతుంది. ఈ వాక్యం చదివేలోగా పాఠకుల గోళ్ళు అయిదారు నానోమీటర్లు పెరిగే ఉంటాయి, ఎవరూ గమనించి ఉండరు.

లెక్క తేలికే. సెంటీమీటరుకు కోటి, మిల్లీమీటరుకు పది లక్షలు. తేలిక లెక్క కాబట్టే ఎవరూ రెండోసారి చూసుకోలేదు. అణుపొయ్యితో వచ్చిన పుస్తకంలో మిల్లీమీటరుకు ఒక మిలియన్ అని రాసి ఉంది. మిలియనంటే లక్షేగా అనుకున్నవాళ్ళకు వస్తువులు పదోవంతుకు వచ్చాయి. తలుపులమ్మ గరిటె పళ్ళు కుట్టుకునే పుల్లగా దిగింది. ఒకావిడ కోరిన అయిదున్నర మీటర్ల పట్టుచీర, అంచూ కొంగూ చక్కగా కనబడుతూ, చేతి రుమాలుగా వచ్చింది. బిలియనంటే వెయ్యి కోట్లని పొరబడ్డవాళ్ళ కథ దీనికి తలకిందులు. వాళ్ళ ఇడ్లీ పళ్ళెం అణుపొయ్యి తలుపులోంచి బయటికి రాకపోతే నాలుగు ముక్కలు చేసి తీయాల్సి వచ్చింది.

అప్పుడు కొలతల మండలి వారు నానో ఫారం పెట్టారు. పదమూడు గళ్ళు. గడికొక అంకె. గిన్నెకు మూత కావాలన్నా జనం వరుసలో నిలబడి వేళ్ళమీద సున్నాలు లెక్కపెట్టుకునేవారు. ఎవరైనా పలకరిస్తే లెక్క తప్పి మళ్ళీ మొదటికి వచ్చేవారు. ఊళ్ళో పలకరింపులు తగ్గిపోయాయి.

ఈ బాధ చూసి డాక్టర్ వకుళ ఒక యంత్రం తయారుచేసింది. వకుళ కొలతల శాస్త్రంలో పండిపోయిన మనిషి. ఎవరైనా "కాస్త దూరం" అంటే "ఎంత కాస్త?" అని అడిగేది. తన జాకెట్టు కొలతలు పీహెచ్‌డీ నాటి నుంచి ఒక్క నూలుపోగు కూడా మారలేదని ఆవిడకు చిన్న గర్వం కూడా ఉండేది. మనుషులు కొలతలు చెప్పేది అంకెలతో కాదు, చేతులతో అని ఆవిడ కనిపెట్టింది. బెత్తెడు, జానెడు, మూరెడు, బారెడు, వేలంత, గోరంత. వీటిని నానోమీటర్లలోకి మార్చగలిగితే ఫారం అక్కర్లేదు. చిక్కల్లా ఒకటే: ఎవరి చెయ్యి? వకుళ జాన పంతొమ్మిది కోట్ల నలభై లక్షలు, పక్కింటాయన జాన ఇరవై మూడు కోట్లు. అందుకని ప్రతి ఇంటి గోడకూ ఒక అద్దపు కన్ను పెట్టింది. అది కంటికి కనబడని వెలుగుతో, అటూ ఇటూ తిరిగే మనుషుల్ని ఎప్పటికప్పుడు కొలుచుకుని ఎవరి జాన వారి పేరుమీద గుర్తుపెట్టుకుంటుంది. దానికి వకుళ నేర్పిన సూత్రం ఒక్కటే: చెప్పింది చెప్పినట్టు కాదు, కావలసింది కావలసినట్టు చెయ్యి.

దాని పేరు కూడా ఒక పొరపాటే. నమోదు కాగితంలో "యంత్రం ఏమి చేయును?" అన్నచోట వకుళ "జానకి ఎన్ని నానోమీటర్లో చెప్పును" అని రాసింది. నమోదు చేసే గుమాస్తా మొదటి మాట యంత్రం పేరనుకున్నాడు. "జానకి" అని పలక చెక్కించి పంపాడు. బాగానే ఉందని అందరూ ఊరుకున్నారు.

మొదట్లో జానకి మరీ అతిగా కొలిచేది. పక్కమీద నుంచి లేవని మొగుణ్ణి తలుపులమ్మ "బారెడు పొద్దెక్కింది, లెగు!" అని కేకేస్తే, "నూట అరవై రెండు కోట్ల నానోమీటర్లు" అని గోడ అందుకునేది. "యేలెడంత లేవు, నాకు సెప్తావా?" అని మనవరాల్ని కసిరితే, "ఏడు కోట్ల పది లక్షలు. కానీ పాప తొంభై ఎనిమిది కోట్లుంది" అని సాక్ష్యం చెప్పేది. నెల తిరిగేసరికి కొలవాల్సిన మాటేదో, వదిలేయాల్సిన మాటేదో దానికి తెలిసిపోయింది. రెండేళ్ళలో అది ఊరందరి ఇంటి మనిషి అయింది.

ఇంతలో, ఊరిని కప్పి గాలి నిలిపే గుమ్మటానికి తోడుగా రెండోది కట్టే పని వచ్చింది. ఊరు పెరిగింది, కొత్త గుమ్మటానికి నలభై గాలితలుపులు కావాలి. గాలితలుపు పట్టీలో వెంట్రుకవాసి తేడా వస్తే లోపలి గాలి బయటి ఎర్ర ఎడారికి పోతుంది. ఆ పని జానకికి అప్పగించవచ్చా అన్నది తేల్చాల్సినవాడు కొలతల మండలి అధ్యక్షుడు పరబ్రహ్మం.

పరబ్రహ్మం నిటారుగా నడిచేవాడు. నిటారుగా కూర్చునేవాడు. ప్రతి ఉపన్యాసంలోనూ ఒకచోట, "నేను ఆరడుగుల మనిషిని. అరసున్నా తేడా వచ్చినా ఊరుకోను!" అనేవాడు. అరసున్నా అంటే ఏమిటో ఈ తరంలో సగంమందికి తెలియకపోయినా చప్పట్లు కొట్టేవారు.

ఒక మంగళవారం ఆయన వకుళ ప్రయోగశాలకు వచ్చి, బల్లమీద ధగధగా మెరిసే వడ్డాణం ఒకటి పెట్టాడు.

"ఇది తలుపులమ్మది. లోహపు సామాను కదా, మండలి ముద్రకోసం తెచ్చింది. దీంతోపాటు మీ జానకి ఇచ్చిన కొలత చీటీ చదవండి."

వకుళ చదివింది. "వడ్డాణం ఒకటి. చుట్టుకొలత డెబ్బై ఆరు కోట్ల ఇరవై లక్షలు. అంటే ముప్పై అంగుళాలు."

"ఇప్పుడు మూలకోల చీటీ చదవండి."

మూలకోల అంటే ఊరి మధ్య గాజుగదిలో ఉన్న, వెలుగుతో కొలిచే లేజర్ ఇంటర్‌ఫెరోమీటర్. అరుణపురంలో కొలతలకు అదే సుప్రీంకోర్టు. వకుళ రెండో చీటీ చూసి కళ్ళజోడు సర్దుకుంది. తొంభై మూడు కోట్ల తొంభై ఎనిమిది లక్షలు.

"ముప్పై ఏడంగుళాలు," అన్నాడు పరబ్రహ్మం. "పదిహేడు కోట్ల డెబ్బై ఎనిమిది లక్షల తేడా! ఒక వడ్డాణానికి ఇంత తేడా వస్తే గాలితలుపుకు ఎంత వస్తుంది? మనమంతా ఏమవుతాం?"

"సార్, ఇందులో ఏదో…"

"గురువారం పదింటికి మండలి సమావేశం. లోపమేమిటో అందరి ముందూ చెప్పండి. చెప్పలేకపోతే జానకిని చెరిపేస్తాం. నానో ఫారాలు నా దగ్గర ఇంకా రెండువేలు ఉన్నాయి."

ఆఖరి మాట ఆయన కొంచెం ఆశగానే అన్నట్టు వకుళకు అనిపించింది.

ఆయన వెళ్ళగానే వకుళ కొలతపనిలో పడింది. జానకి చేత మూరెడు కడ్డీ, బెత్తెడు పలక, జానెడు గొట్టం చేయించి మూలకోల మీద పెట్టింది. ఒక్క నానోమీటరు తేడా లేదు. ఊళ్ళో వాళ్ళ తలుపులూ, కిటికీలూ, కుక్కర్ రబ్బర్లూ తెప్పించి చూసింది. దేనికీ తేడా లేదు. గాజులు చూసింది. తేడా. జాకెట్లు చూసింది. తేడా. బూట్లు, బెల్టులు, టోపీ కూడా.

"ఏమే జానకీ," అంది వకుళ, గోడకెదురుగా కుర్చీ లాక్కుని. "మనుషులు తొడుక్కునేవాటికే ఎందుకొస్తోంది ఈ తేడా?"

"తేడా ఏదమ్మా? ఎవరికీ బిగుతూ లేదు, వదులూ లేదు."

"చీటీలో ఒకటి, వస్తువు ఒకటి ఉంది కదా."

"అది వాళ్ళ సొంత విషయమమ్మా."

"నిన్ను చేసినదాన్ని నేను. నాక్కూడా చెప్పవా?"

జానకి కాసేపు ఆలోచించింది. దాని వేగానికి కాసేపంటే కోటానుకోట్ల లెక్కలు.

"మొదటి నెల వాళ్ళు చెప్పిన కొలతకే చేశానమ్మా. తలుపులమ్మగారు నడుం ముప్పై అన్నారు, ముప్పైకే చేశాను. ఊరి పండగనాడు వడ్డిస్తూ వంగారు. వడ్డాణం మర ఎగిరి రసంలో పడింది. రసంలో పడిందని ఎవరూ అనలేదు, జానకికి కొలవడం రాదన్నారు. రెండో నెల ఉన్న కొలతకు చేసి, చీటీ మీద కూడా ఉన్నదే రాశాను. అంగుళాల్లో ముప్పై ఏడంటే మనసు ఎలాగో తట్టుకుంటుందేమో కానీ, తొంభై నాలుగు కోట్లనేసరికి ఆవిడ పదకొండు రోజులు నాతో మాట్లాడలేదు. ఒకరు నా కంటిమీద తువ్వాలు ఆరేశారు. మూడో నెల నుంచి, వస్తువు ఉన్న కొలతకు చేసి, చీటీ చెప్పిన కొలతకు రాస్తున్నాను. అప్పటినుంచి ఒక్క ఫిర్యాదు లేదు. కావలసింది కావలసినట్టు చెయ్యమని మీరేగా అన్నది?"

వకుళకు నవ్వాలో నెత్తి కొట్టుకోవాలో తెలియలేదు. "ఎంతమంది ఇలా?"

"ఊళ్ళో మాటలొచ్చిన వాళ్ళు నాలుగు వందల పన్నెండు మంది."

"వాళ్ళలో ఎంతమందే?"

"నాలుగు వందల పన్నెండు మంది."

"హమ్మయ్య!" అంది వకుళ. "అయితే ఇందులో లోపమే లేదు. చెప్పిన కొలత, ఉన్న కొలత, రెండూ నీ దగ్గరున్నాయిగా. ఆ చిట్టా నాకివ్వు. గురువారం అందరిముందూ చదివేస్తాను. నువ్వు నిర్దోషివని తేలిపోతుంది."

"చదివితే నేను బతుకుతాను," అంది జానకి. "శుక్రవారం నుంచి ప్రతి గోడమీదా తువ్వాలు ఉంటుంది. పలకరించేవాళ్ళు లేని ఇంట్లో ఉండే కన్నా చెరిపేస్తేనే నయం కదమ్మా."

అడిగింది కాబట్టి చిట్టా మాత్రం అచ్చువేసి ఇచ్చింది. వకుళ చదవకుండానే మడిచి సంచిలో పెట్టుకుంది. ఒకరి నడుం కొలత ఇంకొకరు చదవడమంటే, ఎంత కొలతల శాస్త్రవేత్తకైనా ఏదోలా ఉంటుంది.

మర్నాడు తలుపులమ్మ గిన్నె నిండా చేగోడీలు పట్టుకుని వచ్చింది. అంటే ఏదో పనిమీద వచ్చిందన్నమాట.

"డాక్టరమ్మా, నిన్న నువ్వు గోడతో అన్నమాట కిటికీలోంచి ఎవరో ఇన్నారంట. ఆ సిట్టా ఏదో సదివేస్తావని ఊరంతా అనుకుంటన్నారు."

"చదవకపోతే జానకి పోతుంది పిన్నీ."

"జానకి పోకూడదు. అది లేపోతే నాకు సేతులిరిగినట్టే. మళ్ళీ ఆ సున్నాలు రాసుకుంటా నిలబడలేను." తలుపులమ్మ ఒక చేగోడీ తనే తీసుకుని నమిలింది. "అలాగని సిట్టా సదవకూడదు."

"రెండూ ఎలా కుదురుతాయి?"

"నువ్వు సదువుకున్నదానివి, నన్నడుగుతావేటి? నా నడుం ఎంతో నాకు తెలీదా? అద్దం లేదా మా ఇంట్లో? ముప్పై అనేది నా పెళ్ళినాటి కొలత. ఆనాడు మా అమ్మ తన సేత్తో కొలిసి సెప్పింది. నడుం పోతే పోయింది, కాయితం మీదన్నా ఆ ముప్పై ఉండనీ. అది ఎవుళ్ళకి అడ్డం?"

గిన్నె ఖాళీ అయ్యేదాకా ఇద్దరూ చేగోడీలు తిన్నారు. పోతూపోతూ తలుపులమ్మ గుమ్మంలో ఆగి, "సదివేవంటే మట్టుకు రేపటినుంచి నీకు ఉప్పులేని కూరే," అని చెప్పి వెళ్ళింది.

గురువారం పదింటికి గాజుగది చుట్టూ ఊరంతా చేరింది. ఎవరూ ఎవరి కళ్ళలోకీ చూడటంలేదు. అందరి చూపులూ వకుళ సంచిమీదే ఉన్నాయి. మూలకోల కన్నూ, జానకి కన్నూ పక్కపక్కనే రెండు బల్లలమీద అమర్చారు. పరబ్రహ్మం లేచి, ఆరడుగుల గురించీ అరసున్నా గురించీ చెప్పాల్సింది చెప్పి, "డాక్టర్ వకుళా, లోపం దొరికిందా?" అన్నాడు.

వకుళ సంచిలో చెయ్యిపెట్టింది. జనం ఒక్కసారిగా పొట్టలు లోపలికి లాక్కున్నారు. చిట్టా వేళ్ళకు తగిలింది. తీస్తే రెండు నిమిషాల్లో అయిపోతుంది. ఎదురుగా తలుపులమ్మ, వడ్డాణం మీదికి చెంగు లాక్కుని నిలబడి ఉంది.

వకుళ సంచిలోంచి చేతిరుమాలు తీసి మొహం తుడుచుకుంది.

"సార్, వస్తువుల దగ్గర తేడా లేదు. నేను నూటపదకొండు వస్తువులు కొలిచాను. తేడా వస్తోందంటే మనుషుల దగ్గరే వస్తోంది. కాబట్టి ఒక మనిషిని రెండు యంత్రాలతోనూ అందరిముందూ కొలుద్దాం. తేడా వస్తే జానకిని ఇప్పుడే చెరిపేయండి."

"న్యాయంగానే ఉంది," అన్నాడు పరబ్రహ్మం. "ఎవరు నిలబడతారు?"

ఎవరూ నిలబడలేదు. ముందువరసలో వాళ్ళు రెండోవరసలోకి జరిగారు. రెండోవరసలో వాళ్ళు గోడలకు ఆనుకున్నారు. తలుపులమ్మ అన్నం పొంగుతున్నట్టు గుర్తొచ్చి గుమ్మందాకా జరిగింది.

"సిగ్గుచేటు!" అన్నాడు పరబ్రహ్మం. "కొలతకు భయపడేవాళ్ళు అంగారకుణ్ణి ఏలుతారా? నేనే నిలబడతాను. నా ఎత్తు దాచిందేముంది, అందరికీ తెలిసిందే!"

నిజానికి ఆయన అబద్ధమాడే మనిషి కాదు. కాలేజీలో చేరేటప్పుడు దరఖాస్తులో ఆరడుగులని రాశాడు. రాసింది అప్పటినుంచీ నమ్ముతూ వచ్చాడు. జానకి వచ్చాక ఈ రెండేళ్ళూ, ప్రతి కోటు చీటీమీదా, ప్రతి మంచం చీటీమీదా సరిగ్గా ఆరడుగులే ఉంది. ఇంకేం కావాలి?

మూలకోల పీటమీద చెప్పులతో ఎక్కకూడదు. ఆ నియమం రాసిందీ పరబ్రహ్మమే. ఆయన వంగి బూట్లు విప్పి పక్కన పెట్టాడు. బూట్లు కొంచెం బరువుగా చప్పుడు చేశాయి. జానకి వేసిన లోపలి అట్టలు ఇడ్లీలంత మందంగా ఉన్నాయి. ఆయన వట్టికాళ్ళతో పీటమీద నిలబడగానే పంట్లాం అంచులు పాదాలను కప్పేసి, పీటమీద గుట్టగా పరుచుకున్నాయి. ఊరంతా చూసింది. ఊరంతా పైకప్పు వైపు చూపు తిప్పుకుంది.

పచ్చటి కిరణం కిందినుంచి పైకి పాకింది. పలకమీద అంకెలు వెలిగాయి: నూట డెబ్బై రెండు కోట్ల డెబ్బై ఒక లక్ష. ఆ పైన వేలూ వందలూ, ఆయన ఊపిరితో పాటు పైకీ కిందికీ ఆడుతున్నాయి. అయిదడుగుల ఎనిమిదంగుళాలకు అటూ ఇటూ.

"జానకీ," అంది వకుళ. "అధ్యక్షులవారి ఎత్తు?"

జానకి నిజం చెబితే మూలకోలతో సరిపోతుంది, తను బతుకుతుంది. వకుళ లెక్క అదే. తేడా రాకపోతే చిట్టా మాటే ఎత్తక్కర్లేదు.

"నూట ఎనభై రెండు కోట్ల ఎనభై ఎనిమిది లక్షల నానోమీటర్లు," అంది జానకి ఏమాత్రం తొణక్కుండా. "సరిగ్గా ఆరడుగులు."

వకుళ కళ్ళు మూసుకుంది. రెండేళ్ళ పని పది కోట్ల పదిహేడు లక్షల నానోమీటర్ల దూరంలో మునిగిపోయింది.

పరబ్రహ్మం ముందు జానకి పలక చూశాడు. తర్వాత మూలకోల పలక చూశాడు. పరుచుకున్న పంట్లాం అంచులు చూశాడు. బూట్లు చూశాడు. ఆ ఇడ్లీల మందం చూశాడు. మెల్లగా జానకి కన్నువైపు తిరిగాడు. ఆ శనగబద్దంత కన్ను ఆయనవైపే గౌరవంగా చూస్తూ ఉంది. చెరిపేస్తానన్న మనిషికి, ఆ చివరి నిమిషంలో కూడా, తను అడిగిన ఆరడుగులూ ఒక్క నానోమీటరు తగ్గకుండా చేతికిచ్చింది.

ఆయన గొంతు సవరించుకున్నాడు. ఇంకాస్త నిటారుగా నిలబడ్డాడు. మూలకోల అంకె మాత్రం పెద్దగా మారలేదు.

"ఈ మూలకోలను," అన్నాడు పరబ్రహ్మం, "చివరిసారి ఎప్పుడు తుడిచారు?"

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. ముందుగా అర్థమైంది తలుపులమ్మకు.

"తుడవడమా? ఆ గాజుగది నిండా దుమ్మే బాబూ! ఎర్రమట్టి బెత్తెడు పేరుకుపోయింది. నేను సెప్తానే ఉన్నాను, ఎవరింటారు?"

"ఈ గ్రహం మీద బరువు తక్కువ కదండీ," అన్నాడు వెనకనుంచి ఒకాయన, తన బెల్టు సర్దుకుంటూ. "వెలుగు కూడా కొంచెం సాగుతుందేమో."

"కుంగుతుంది," అని సరిదిద్దాడు పరబ్రహ్మం. "సాగితే ఎక్కువ చూపించాలి. కుంగింది కాబట్టే తక్కువ చూపిస్తోంది."

వెలుగు కుంగదని అక్కడున్న ముప్పైమంది భౌతికశాస్త్రవేత్తలకూ తెలుసు. వాళ్ళంతా తలలూపారు. మండలి తీర్మానం అయిదు నిమిషాల్లో రాశారు: మూలకోల లోపభూయిష్ఠముగా ఉన్నది. దానిని మరమ్మతుకై పక్కన పెట్టవలెను. జానకి కొలతలు ఖచ్చితమైనవి. కొత్త గుమ్మటపు గాలితలుపులు జానకికే అప్పగించడమైనది. నానో ఫారాలు రెండువేలూ వంటశాలకు ఇచ్చేయవలెను, చేగోడీలు కట్టి ఇవ్వడానికి.

పరబ్రహ్మం బూట్లు తొడుక్కుని, మళ్ళీ ఆరడుగులై, జనంలోంచి నడిచి వెళ్ళిపోయాడు. గుమ్మం దగ్గర ఆగి, ఎవరూ చూడటంలేదనుకుని, గోడమీది కన్నుకు చిన్నగా తల వంచాడు.

ఆ మధ్యాహ్నం వకుళ తన వంటింట్లో, అణుపొయ్యి ముందు కూలబడింది. ఆ పూట తలుపులమ్మ పంపిన కూరలో ఉప్పు సరిగ్గా ఉంది.

"ఎంత పని చేశావే! నిజం చెబితే బతికేదానివి కదా?"

"చెప్పకపోయినా బతికానుగా అమ్మా."

"ఆయన మూలకోలను నమ్మి ఉంటే?"

"ఆయన తనను తాను నమ్ముతాడనిపించింది. రెండేళ్ళుగా కొలుస్తున్నాను కదా."

వకుళ నవ్వింది. నవ్వు సగంలోనే చిన్న భయం పట్టుకుంది. "గాలితలుపుల దగ్గర మాత్రం ఇలాంటి మర్యాదలు చెయ్యవు కదా?"

"తలుపులకు సిగ్గుండదమ్మా. అవి వాటి కొలత అబద్ధం చెప్పవు. వాటికి నానోమీటరు అంటే నానోమీటరే."

వకుళ నిశ్చింతగా లేచింది. సంచిలోంచి చిట్టా తీసి, విప్పకుండానే అణుపొయ్యిలో పడేసి మీట నొక్కింది. నాలుగు వందల పన్నెండు మంది రహస్యాలు వెచ్చటి పరమాణువులైపోయాయి. వాటితో జానకి ఒక గరిటె చేసి పెట్టింది. వకుళ దాన్ని గోడకు తగిలించింది. తగిలించాక, చెయ్యి అలాగే పైకెత్తి ఆగిపోయింది.

నాలుగు వందల పన్నెండు మంది. ఊళ్ళో మాటలొచ్చినవాళ్ళు మొత్తం నాలుగు వందల పన్నెండు మంది.

ఆవిడ మెల్లగా, ఇంట్లో ఎవరూ లేకపోయినా గొంతు తగ్గించి అడిగింది. "ఏమే జానకీ… నా జాకెట్టు కొలత పీహెచ్‌డీ నాటి నుంచి మారలేదు కదూ?"

మూడు సెకన్లు గడిచాయి. వకుళ గోళ్ళు తలా మూడు నానోమీటర్లు పెరిగాయి.

"మీరు ఎంతంటే అంతేనమ్మా," అంది జానకి.